ఫీల్డు పేరుతో వచ్చే తంటా

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా చీలిపోయింది. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి. ఈ ఐదేళ్లలో జిల్లాల వారీగా లెక్కలు ఉంచుకునే ప్రతి కంప్యూటర్ పట్టికకూ ఒక పరీక్ష ఎదురైంది. జిల్లా పేరును గడిలో విలువగా రాసుకున్నవాళ్లు దాన్ని దిద్దుకుంటే సరిపోయింది. జిల్లా పేరునే కాలమ్‌కు పెట్టుకున్నవాళ్ల క్వెరీలు, రిపోర్టులు, ఫారాలు ఒకదాని వెంట ఒకటి కుంటుపడ్డాయి.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ యాక్సెస్‌లో క్రాస్‌ట్యాబ్ క్వెరీ అని ఒకటుంది. నిలువునా ఉన్న జిల్లా పేర్లను అడ్డంగా పరిచి ఒక్కో జిల్లాకు ఒక్కో కాలమ్ తయారుచేస్తుంది. నెలవారీ నివేదికలు పంపేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. అయితే దాని మీద కట్టిన రిపోర్టులో ‘వరంగల్ అర్బన్’ అనే పెట్టె ఉండి, డేటాలో ఆ పేరు మాయమైతే, అలాంటి ఫీల్డు (అంటే కాలమ్) తనకు తెలియదంటూ యాక్సెస్ మొరాయిస్తుంది. అదీ నయమే. క్వెరీ ప్రాపర్టీల్లో ‘కాలమ్ హెడింగ్స్’ అనే చోట జిల్లా పేర్లను ముందే టైపు చేసి ఉంచితే మొరాయించదు కూడా. జాబితాలో లేని హనుమకొండను చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. జాబితాలో ఉన్న అర్బన్‌ను ఖాళీగా చూపిస్తుంది. మొత్తం తగ్గిందని ఎవరైనా పట్టుకునేదాకా ఆ రిపోర్టు సరైనదిగానే చలామణి అవుతుంది.

పోనీ, పాత పేరు చోట కొత్త పేరు పెడితే పోదా? పోదు. 2021లో మారినవి పేర్లే కాదు, సరిహద్దులు కూడా. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు అర్బన్ నుంచి ఇప్పటి వరంగల్ జిల్లాలోకి వచ్చాయి. పరకాల, ఆత్మకూరు, శాయంపేట వంటివి రూరల్ నుంచి హనుమకొండలోకి వెళ్లాయి. అంతకుముందు 2016లోనే కరీంనగర్ జిల్లా నుంచి కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి అర్బన్‌లో కలిశాయి. కాబట్టి ‘వరంగల్’ అన్న కాలమ్‌లో 2015 అంకె, 2018 అంకె, 2022 అంకె పక్కపక్కన కనిపిస్తే అవి మూడు వేర్వేరు భూభాగాల లెక్కలు. ఆ పైన వరంగల్ నగరపాలక సంస్థ రెండు జిల్లాల్లో పరుచుకుని ఉంది. వరంగల్ పశ్చిమ అసెంబ్లీ నియోజకవర్గం హనుమకొండ జిల్లాలో ఉంది. ఒక్క పేరు, ఇన్ని అర్థాలు.

ఫీల్డు పేర్ల చిక్కులన్నిటినీ పరిశీలిస్తే రెండు రకాలుగా తేలతాయి. యంత్రం ఒప్పుకోనివి కొన్ని, యంత్రం ఒప్పుకున్నా మనిషి తప్పుగా చదివేవి కొన్ని. పుస్తకాలు, శిక్షణ తరగతులు మొదటి రకం చుట్టూనే తిరుగుతాయి. నష్టమంతా రెండో రకంలో ఉంది.

అసలు పేరుకు ఇంత పెత్తనం ఎందుకు వచ్చింది? 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి వల్ల. కాలమ్ ఎన్నో స్థానంలో ఉందో వాడేవాడికి పట్టనక్కర్లేదు, పేరుతో అడిగితే చాలు అన్నది అందులో ముఖ్యమైన సౌకర్యం. సౌకర్యంతోపాటు బాధ్యతా వచ్చింది. ఎక్సెల్‌లో ‘సీ’ కాలమ్ అంటే మూడో కాలమే, దాని నెత్తిన ఏం రాసినా ఫరవాలేదు. డేటాబేస్‌లో పేరు ఒక్క అక్షరం తప్పితే ఆ కాలమ్ లేనట్టే.

లేని పేరు అడిగినప్పుడు యాక్సెస్ స్పందించే తీరు తమాషాగా ఉంటుంది. తప్పు అనదు. ‘ఎంటర్ పారామీటర్ వాల్యూ’ అంటూ చిన్న కిటికీ తెరుస్తుంది. ‘ఈ పేరుగల ఫీల్డు నాకు కనిపించలేదు, బహుశా నువ్వు విలువ చెబుతావేమో’ అని దాని ఉద్దేశం. కొత్తగా చేరిన ఆపరేటర్ ఆ కిటికీని చూసి ఓకే నొక్కేస్తాడు. క్వెరీ నడుస్తుంది, ఖాళీ కాలమో ఖాళీ జాబితానో వస్తుంది. డేటా పోయిందని గగ్గోలు. పోయింది డేటా కాదు, పేరులో ఒక అక్షరం. అదే పొరపాటు ఫారంలో ఉంటే పెట్టెలో ‘#నేమ్?’ అని కనిపిస్తుంది. ప్రోగ్రాం కోడ్‌లో ఉంటే 3061 నంబరు దోషం, పారామీటర్లు తక్కువయ్యాయంటుంది. రికార్డ్‌సెట్ నుంచి ఫీల్డును పేరుపెట్టి పిలిస్తే 3265, ఈ సముదాయంలో ఆ వస్తువు లేదంటుంది. నాలుగు ముఖాలు, జబ్బు ఒక్కటే.

వెతికే పద్ధతి కష్టమైనది కాదు, ఓపిక కావాలి. ముందు ఫైలు నకలు తీసుకుని దాని మీదే పనిచేయాలి. క్వెరీలోని ఫీల్డులను సగానికి సగం తీసేస్తూ పోతే తప్పున్న చోటు త్వరగానే దొరుకుతుంది. అనుమానం ఉన్న పేరును చేత్తో టైపు చేయకుండా డిజైన్ కిటికీలోని జాబితా నుంచి లాగి వేయాలి. అప్పటికీ తేలకపోతే నాలుగు వరసల కోడ్ రాసి, టేబుల్‌లోని ప్రతి ఫీల్డు పేరునూ దాని పొడవునూ పక్కపక్కన ముద్రించాలి. ‘మండలం’కు ఉండాల్సిన పొడవు కంటే ఒకటి ఎక్కువ కనిపిస్తే చివర ఏదో అదృశ్యంగా కూర్చుందన్నమాట.

ఆ అదృశ్యాలు ఎక్కువగా ఎక్సెల్ నుంచే వస్తాయి. మన కార్యాలయాల్లో ఎక్సెల్ షీటు అంటే ముందు అందంగా కనబడాలి. పైన రెండు వరసల శీర్షిక, ‘విద్యార్థులు’ అని కలిపేసిన గడి, దాని కింద బాలురు, బాలికలు, మొత్తం. ఒక్కో శీర్షికలో ఆల్ట్ ఎంటర్ కొట్టి రెండో వరసకు దింపిన మాటలు. దీన్ని యాక్సెస్‌లోకి దిగుమతి చేస్తే మొదటి వరసనే పేర్లుగా తీసుకుంటుంది. కలిపిన గడిలో మొదటిదానికే పేరు దక్కుతుంది, మిగతావి తీసుకొచ్చిన దారిని బట్టి ఎఫ్6, ఎఫ్7 అనో ఫీల్డ్6, ఫీల్డ్7 అనో వచ్చి పడతాయి. ఎఫ్6 బాలికలా, మొత్తమా? రేపు ఎవరికి గుర్తుంటుంది?

చుక్క సంగతి ఇంకా ముఖ్యం. యాక్సెస్‌లో ఫీల్డు పేరు 64 అక్షరాల దాకా ఉండొచ్చు, మధ్యలో ఖాళీలూ ఉండొచ్చు. కానీ చుక్క, ఆశ్చర్యార్థకం, చదరపు బ్రాకెట్లు, వెనక్కి వాలిన కొటేషన్ గుర్తు పనికిరావు, మొదట్లో ఖాళీ ఉండకూడదు. టేబుల్ పేరునూ ఫీల్డు పేరునూ విడదీయడానికి ఆ చుక్కనూ ఆశ్చర్యార్థకాన్నీ అదే వాడుకుంటుంది మరి. ఇక మన షీట్లలో మొదటి కాలమ్ ఏమిటి? ‘ఎస్.నో.’ లేదా ‘క్ర.సం.’. నాలుగో కాలమ్ ‘హెచ్.నో.’. చుక్క లేని శీర్షిక మనవాళ్లకు అసంపూర్తిగా తోస్తుంది! ఎక్సెల్ షీటును డ్రైవర్ ద్వారా చదివేటప్పుడు ఆ చుక్కల స్థానంలో హాష్ గుర్తులు వచ్చి కూర్చుంటాయి. హాష్ గుర్తేమో యాక్సెస్‌కు తేదీని చుట్టే గుర్తు. బ్రాకెట్లు లేకుండా రాస్తే క్వెరీ అక్కడే తడబడుతుంది. ఈ తడబాటుకు మందు యాక్సెస్‌లో లేదు, షీటులో చుక్కలు తీసేయడంలో ఉంది.

రిజర్వుడు మాటల గొడవ అందరూ విన్నదే అయినా అందరూ పడేదే. ‘నేమ్’, ‘డేట్’, ‘ఆర్డర్’, ‘గ్రూప్’, ‘ఇయర్’, ‘వాల్యూ’. ఎవరికైనా ముందుగా తోచే పేర్లివే, సాఫ్ట్‌వేర్ తన సొంతానికి ఉంచుకున్నవీ ఇవే. క్వెరీలో చదరపు బ్రాకెట్లు పెడితే చాలావరకు గట్టెక్కుతాం. ఫారాలు, రిపోర్టుల దగ్గర గట్టెక్కం. ప్రతి ఫారానికీ ‘నేమ్’ అనే సొంత లక్షణం ఉంటుంది కాబట్టి, కోడ్‌లో విద్యార్థి పేరు అడిగితే అది తన పేరు చెబుతుంది. ‘డేట్’ అనే ఫీల్డున్న ఫారంలో ఈరోజు తేదీ కావాలని అడిగితే ఆ ఫీల్డులో ఉన్న తేదీ, పుట్టిన తేదీ అయినా సరే, తెచ్చిస్తుంది. ‘స్టూడెంట్‌నేమ్’, ‘అడ్మిషన్‌డేట్’ అని రెండో మాట తగిలిస్తే ఈ బెడద మొదటే పోతుంది. ఇంతకంటే దీని మీద చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఒకటి మాత్రం చేర్చాలి. పేర్ల చివరి ఖాళీలు కత్తిరించడానికి ‘పేరు’ ఫీల్డుకు ట్రిమ్ వేసి, వచ్చిన ఫలితానికి మళ్లీ ‘పేరు’ అనే పేరిస్తే యాక్సెస్ వలయం ఏర్పడిందని ఆగిపోతుంది. లోపలి ఫీల్డుకు ముందు టేబుల్ పేరు రాస్తే సాగుతుంది. ఫారంలోని పెట్టెకూ అందులో లెక్కకు వాడిన ఫీల్డుకూ ఒకే పేరుంటే ‘#ఎర్రర్’ రావడం కూడా ఈ కోవలోదే.

పొడవు విషయంలో మనకు పాత వాసన ఇంకా వదల్లేదు. డీబేస్, ఫాక్స్‌ప్రో ఫైళ్లలో ఫీల్డు పేరుకు 10 అక్షరాలే హద్దు. 1990ల్లో మన ఊళ్లలో కంప్యూటర్ కోర్సు చదివినవారికి చేతికంటిన సాఫ్ట్‌వేర్లు అవే. విజువల్ ఫాక్స్‌ప్రోలో డేటాబేస్‌కు చెందిన టేబుల్‌లోని ఫీల్డుకు 128 అక్షరాల పేరు పెట్టొచ్చు గానీ, విడి టేబుల్‌గా బయటికి తీస్తే మళ్లీ పదికే తెగుతుంది. మైక్రోసాఫ్ట్ 2015 జనవరిలో దానికి సహాయం ఆపేసింది. అయినా డీబేస్, ఫాక్స్‌ప్రోలు వాడిన డీబీఎఫ్ ఫైలు చావలేదు. పటాలు గీసే జీఐఎస్ సాఫ్ట్‌వేర్లలో వాడే షేప్‌ఫైలు లోపల సమాచారం ఉండేది డీబీఎఫ్‌లోనే. అందుకే భూగోళ శాస్త్రం, సివిల్ ఇంజినీరింగ్ చదివే ఈనాటి పిల్లలు కూడా, తాము పుట్టకముందు పెట్టిన పదక్షరాల హద్దుకు తగిలి పడుతున్నారు. మండలాల జనాభా 2001, 2011 లెక్కలకు ఏడాది అంకె చివర వచ్చేలా పొడుగాటి ఇంగ్లీషు పేర్లు పెట్టి క్యూజీఐఎస్‌లో షేప్‌ఫైలుగా భద్రపరిస్తే, తెగిపోయేది సరిగ్గా ఆ ఏడాది అంకే. రెండూ ఒకటే కాకుండా రెండోదానికి చివర ఒకటి అంకె తగిలిస్తుంది. ఏది ఏ జనగణనో పేరు చూసి చెప్పలేం. ఏడాదిని ముందుకు తెస్తే బతుకుతుంది. పేరు అంకెతో మొదలవకుండా దాని ముందు ఒక అక్షరం పెట్టాలి. ఇంకా మేలైనది షేప్‌ఫైలు వదిలి జియోప్యాకేజీకి మారడం.

తెలుగులో పేరు పెడితే ఆ హద్దు ఇంకా ఇరుకు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు తింటుంది. డీబీఎఫ్‌లో పదక్షరాలంటే నిజానికి 10 బైట్లు, వాటిలో పట్టేవి మూడే. ‘మండలం’ అన్న మాటలో మ, సున్న, డ, ల, సున్న కలిసి ఐదు సంకేతాలు, 15 బైట్లు. అంటే మొదటి మూడింటి దగ్గరే మాట తెగుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో హద్దు 63 బైట్లు, కాబట్టి 21 సంకేతాలు పడతాయి. గుణింతం గుర్తులూ పొల్లులూ కూడా లెక్కలోకి వస్తాయి గనుక ‘లబ్ధిదారు బ్యాంకు ఖాతా సంఖ్య’ లాంటి శీర్షిక అక్కడా పట్టదు.

ఇక్కడ నా అభిప్రాయం కొందరు తెలుగు అభిమానులకు రుచించకపోవచ్చు. తెరమీద, కాగితం మీద కనిపించే ప్రతి శీర్షికా తెలుగులో ఉండాల్సిందే. లోపలి ఫీల్డు పేరు మాత్రం రోమన్ అక్షరాల్లో ఉంచడమే క్షేమం. యాక్సెస్ టేబుల్‌లో తెలుగు పేరు పెట్టుకోవచ్చు, క్వెరీలో వాడుకోవచ్చు, అంతదాకా ఇబ్బంది లేదు. కోడ్ రాసే వీబీఏ కిటికీలోకి వెళ్లగానే వస్తుంది ఇబ్బంది. అది యూనికోడ్ ఎరగని పాతకాలపు కిటికీ. విండోస్‌లో తెలుగుకు ఆ కాలపు కోడ్‌పేజీ కూడా లేదు. అందువల్ల మామూలు అమరికలో మన అక్షరాలు ప్రశ్నార్థకాల వరసగా మారిపోతాయి. యాక్సెస్ ప్రతి ఫీల్డుకూ ‘క్యాప్షన్’ అనే లక్షణం ఇచ్చింది. లోపల రోమన్ పేరు, క్యాప్షన్‌లో ‘లబ్ధిదారు పేరు’. ఫారంలో, రిపోర్టులో ప్రజలకు కనిపించేది క్యాప్షనే. చాలామందికి ఆ గడి ఉందని కూడా తెలియదు. ఒక హెచ్చరిక: కనిపించే క్యాప్షన్ చూసి అదే అసలు పేరనుకుని క్వెరీలో రాస్తే మళ్లీ ఆ పారామీటర్ కిటికీ తెరుచుకుంటుంది.

తెలుగుకు మరో రెండు సొంత చిక్కులున్నాయి. ‘నంబర్’ అని టైపు చేసేటప్పుడు చివరి పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి. అది పొల్లును పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు, దాని సంఖ్య 8204. మాట చివర వస్తే కంటికి ఏ తేడా తెలియదు, యంత్రానికి మాత్రం అవి రెండు మాటలు. ట్రిమ్ దాన్ని తొలగించదు. వెబ్ పేజీల నుంచి అతికించినప్పుడు వచ్చే 160 నంబరు ఖాళీనీ తొలగించదు. రెండోది ఐత్వం. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగానైనా, ఎత్వమూ మరో గుర్తూ కలిపిన రెండు సంకేతాలుగానైనా రాయొచ్చు. చూడటానికి ఒకటే. అనుమానం వస్తే ఒక్కో అక్షరం సంఖ్యనూ ముద్రించి చూసుకోవాలి. తెలుగు అక్షరాలు 3072 నుంచి 3199 మధ్య ఉంటాయి, వాటి నడుమ వేరే అంకె కనిపిస్తే అదే దొంగ. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లతో టైపు చేసిన శీర్షికలైతే అసలు తెలుగు అక్షరాలే కావు. ఫాంటు తీసేస్తే పిచ్చిగీతలు మిగులుతాయి. వాటిని యూనికోడ్‌కు మార్చాకే దిగుమతి గురించి ఆలోచించాలి.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారేవారికి పెద్దక్షరాలు, చిన్నక్షరాల తగువు ఎదురవుతుంది. యాక్సెస్ ఆ తేడాను పట్టించుకోదు. లిబ్రేఆఫీస్ బేస్‌లో చాలాకాలంగా ఉన్న హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ ఇంజను, కొటేషన్లు లేని పేరును పెద్దక్షరాల్లోకి మార్చుకుని వెతుకుతుంది. పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాల్లోకి మార్చుకుంటుంది. కళ్లముందు ఉన్న కాలమ్‌ను ‘దొరకలేదు’ అంటే కారణం ఎక్కువసార్లు ఇదే. జంట కొటేషన్లు పెడితే దొరుకుతుంది. మైఎస్‌క్యూఎల్ మామూలుగా అదే జంట కొటేషన్లను పేరుగా కాక మాటగా చదువుతుంది, దానికి వెనక్కి వాలిన గుర్తు కావాలి. ఎస్‌క్యూలైట్ తీరు వీటన్నిటికంటే ప్రమాదకరం. జంట కొటేషన్లలో రాసిన పేరుగల ఫీల్డు కనిపించకపోతే దాన్ని వట్టి మాటగా తీసుకుని ముందుకు పోతుంది. వెయ్యి వరసల్లోనూ అదే మాట ముద్రిస్తుంది, దోషమని చెప్పదు. చిన్నక్షరాలు, ఖాళీ బదులు అండర్‌స్కోర్, మొదటి అక్షరం అంకె కాకుండా చూసుకోవడం. ఈ కట్టుబాటు పాటించిన పేరుకు ఈ సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ చోటు దొరుకుతుంది.

నడుస్తున్న డేటాబేస్‌లో ఫీల్డు పేరు మార్చడం మరో కథ. ఫైల్‌మేకర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫీల్డును లోపల ఒక గుర్తింపు సంఖ్యతో పట్టుకుంటుంది కాబట్టి పేరు మార్చినా లెక్కలు చెడవు. ఎస్‌క్యూఎల్‌గా రాసిపెట్టిన వాక్యాలు మాత్రం చెడతాయి. యాక్సెస్ 2000 నుంచి ‘నేమ్ ఆటోకరెక్ట్’ ఉంది. పేరు మారిస్తే క్వెరీల్లో, ఫారాల్లో అదే దిద్దుతుందని దాని వాగ్దానం. సగం నిలబెట్టుకుంటుంది. కోడ్‌ను ముట్టదు. డేటా ఒక ఫైల్లో, ఫారాలు మరో ఫైల్లో ఉన్న అమరికలో దాని చెయ్యి అవతలి ఫైలుకు చేరదు. నలుగురు వాడే డేటాబేస్‌లన్నీ ఉండేది అలాగే! డిజైన్ దశలో దాన్ని ఉంచుకుని, పనిలో పెట్టాక ఆపేయడం మేలు. తప్పనిసరిగా పేరు మార్చాల్సి వస్తే, కొత్త పేరును పాత పేరుతో చూపించే ఒక క్వెరీ రాసి పాత రిపోర్టులను దానికి తగిలిస్తే కోడ్‌ను తవ్వే పని తప్పుతుంది.

ఇప్పుడు యంత్రం నోరెత్తని తప్పుల దగ్గరికి వద్దాం. భూమి లెక్కల పట్టికలో ‘ఎక్స్‌టెంట్’ అనే కాలమ్. 2.30, 1.20 అని రెండు విలువలు. కూడితే ఎంత? తెలంగాణలో చుక్క తర్వాతివి గుంటలు, 40 గుంటలు ఒక ఎకరం. కాబట్టి సరైన జవాబు 4 ఎకరాల 10 గుంటలు. కోస్తాలో చుక్క తర్వాతివి సెంట్లు, నూటికి ఒక ఎకరం. అక్కడ 3.50 ఒప్పే. యాక్సెస్ రెండు చోట్లా 3.50 అనే అంటుంది. ఫీల్డు పేరులో కొలత లేదు కాబట్టి, ఆ జాబితా ఖమ్మం దాటి కృష్ణా జిల్లాకు వెళ్లినా, అక్కడిది ఇక్కడికి వచ్చినా, ఎవరూ ఆగి చూడరు. ఎకరాలకు ఒక ఫీల్డు, గుంటలకు ఒక ఫీల్డు, రెండింటికీ కొలత పేరులోనే ఉంటే ఈ తప్పు చేయమన్నా చేయలేం.

ప్రవేశాల జాబితాల్లో ‘ఎఫ్‌నేమ్’ది ఇదే తంతు. మన దగ్గర అది తండ్రి పేరు. బయటి సాఫ్ట్‌వేర్లలో అది ఫస్ట్ నేమ్. రెండిటినీ జోడించినప్పుడు విద్యార్థి పేరు గడిలోకి తండ్రి వచ్చి కూర్చుంటాడు. రెండూ అక్షరాలే గనుక యంత్రానికి అభ్యంతరం ఉండదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అన్న విభజనే అడ్డదిడ్డం. ఇంటిపేరు, సొంత పేరు అని వాటి పేర్లతో వాటిని పిలిస్తే పాస్‌పోర్టు దరఖాస్తులోని గడులకూ సరిగ్గా అతుకుతాయి. ‘డీఓఏ’ అంటే కాలేజీలో చేరిన తేదీ, ఉద్యోగుల పట్టికలో నియామక తేదీ. ఎక్కడ చూశాం అన్నదాన్ని బట్టి అర్థం మారే పొట్టిపేర్లను పదక్షరాల కాలం మనకు అంటగట్టింది. ఆ కాలం పోయాక కూడా వాటిని మోయడం వట్టి అలవాటు.

పొట్టిపేరు ప్రతిసారీ చెడ్డదేమీ కాదు. రైల్వే వరంగల్ స్టేషన్‌ను ‘డబ్ల్యూఎల్’ అంటుంది. టికెట్ మీద వెయిటింగ్ లిస్టునూ ‘డబ్ల్యూఎల్’ అనే అంటుంది. వరంగల్ నుంచి వెయిటింగ్ లిస్టు టికెట్ తీసుకున్నవాడి కాగితం మీద రెండూ కనిపిస్తాయి. అయినా ఎవరూ తికమకపడరు, ఎందుకంటే ఒకటి స్టేషన్ గడిలో ఉంది, ఇంకోటి స్థితి గడిలో ఉంది. విలువ రెండర్థాలు ఇచ్చినా గడి పేరు కాపాడుతుంది. గడి పేరే రెండర్థాలు ఇస్తే కాపాడేది ఎవరూ లేరు.

జిల్లాల చిక్కుకూ పరిష్కారం ఇందులోనే ఉంది. జిల్లా, ఏడాది, పథకం పేరు వంటివి ఫీల్డు పేర్లు కాకూడదు, ఫీల్డులో విలువలు కావాలి. కాలమ్‌లు జిల్లా, ఏడాది, సంఖ్య. జిల్లా దగ్గర పేరుకు తోడు కోడ్ ఉండాలి. 2011 జనగణనలో పాత వరంగల్ జిల్లా కోడ్ 540. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఇప్పటి ప్రతి జిల్లాకూ మండలానికీ గ్రామానికీ ఒక సంఖ్య ఉంది. హనుమకొండను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాసినా ఆ సంఖ్య ఒక్కటే. లెక్కలను మండలం స్థాయిలో, కోడ్‌తో భద్రపరుచుకున్నవారు 2016కు ముందటి జిల్లా కావాలన్నా, 2021 తర్వాతది కావాలన్నా మండలాలను కూడి చాలావరకు తెచ్చుకోగలరు. అడ్డంగా పరిచిన నివేదిక కావాలంటే ఆ రోజుకు క్రాస్‌ట్యాబ్‌తో తయారుచేసుకుని, కాలమ్ జాబితాను మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.

కింది ఊళ్లకు ఎక్సెల్ నమూనాలు పంపే కార్యాలయాలకు, కాలేజీలకు, సంఘాలకు ఒక మనవి. శీర్షిక ఒకే వరసలో ఉంచండి. గడులు కలపకండి, చుక్కలు తీసేయండి, కొలతను పేరులోనే రాయండి. ఏ కాలమ్‌లో ఏముండాలో ఒక్కో వాక్యంలో తెలుగులో చెప్పే రెండో షీటు జతచేయండి. ఆ షీటు తయారీకి ఒక పూట పడుతుంది. అది లేకపోతే ఆ పని నమూనా అందుకున్న ప్రతి ఆపరేటరూ తనకు తోచినట్టు చేసుకుంటాడు.